పదకొండో నిమిషం

అద్దే షాషితూ సంతకు తెచ్చిన మూటను
కొనేవాడు ముందు చెవి దగ్గర ఊపి చూస్తాడు.
ఎండిన గింజ గలగలమంటుంది, పచ్చిది గొణుగుతుంది.
నాలుగు గింజలు అరచేతిలో నలిపి
ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకుంటాడు.
ఉల్లి విత్తనాలు కలిపి ఉంటే
ఆ కళ్ళు టక్కున తెరుచుకుంటాయి.

నేనూ అదే పని చేస్తాను, అడిస్ అబాబాలో,
తెల్లకోటు తొడుక్కుని.
నా ముక్కు ఒక యంత్రం.
దాని పొయ్యిలో ముప్పై మీటర్ల బోలు గాజు దారం
చుట్టలు చుట్టుకుని పడుకుంటుంది.
నల్లజీలకర్ర నూనె చుక్క ఆవిరై ఆ దారి పడుతుంది,
ఒక్కో వాసనదీ ఒక్కో నడక.
సైమీన్ తొందర మనిషి, ముందే వచ్చేస్తుంది.
కార్వక్రోల్ దారిలో అందరినీ పలకరించి వస్తుంది.
ఆ రెంటి నడుమ, పదకొండో నిమిషంలో
తెర మీద కొండ లేస్తుంది:
థైమోక్వినోన్.
బాలే కొండలా నిటారుగా ఉంటే సరుకు ఓడ ఎక్కుతుంది,
గుట్టలా ఉంటే వచ్చిన లారీయే ఎక్కుతుంది.

బొగ్గులాంటి గింజ కడుపులో
పసుప్పచ్చని స్ఫటికం!
మొక్క దీన్ని మన జలుబు కోసం వండుకోలేదు,
తనను కొరికే పురుగు నోరు మండాలని వండుకుంది.
వెలుగు తగిలితే ఇది నిలవలేదు,
రెండేసి అణువులు ఒకదాన్నొకటి కావలించుకుని
ఇంకేదో అయిపోతాయి.
గోధుమరంగు సీసాలోనే ఉంచాలని మా గోడ మీద రూలు.
అద్దే షాషితూ మట్టికుండలో పోసి, మూతికి గుడ్డ కట్టి,
మంచం కింద చీకట్లోకి తోసేస్తుంది.
"అబాసుడా సిగ్గరిది" అంటుంది, అంతే.

మొన్న పంటకి వాళ్ళ ఊరి సరుకు నా బల్ల మీదికొచ్చింది.
నమూనా రెండు వందల పదిహేడు.
పదకొండో నిమిషం వచ్చింది, వెళ్ళిపోయింది.
గుట్ట కూడా కాదు, చీమలపుట్ట.
మళ్ళీ చేశాను.
సంఘం వాళ్ళు గింజ నలిపేసి, రేకుల మీద
మూడు వారాలు ఎండబెట్టారట.
"తిరస్కరించడమైనది" కింద
హవీ తురా అన్న సంతకం నాదే.

సెలవుకి వెళ్తే ఆ మాట ఎత్తలేదు ఆమె.
నేను తుమ్మితే లేచి, కుండలోంచి చిటికెడు తీసి,
గుడ్డలో ముడేసి, అరచేతుల మధ్య రుద్ది ఇచ్చింది.
పీల్చాను. నుదుటి వెనక ఏదో తలుపు తెరుచుకుంది.

అమ్మ దిండు కింద కూడా ఈ ముడే ఉండేది.
రాత్రంతా ఆమె రొమ్ములో పిల్లికూతలు.
చావుకి తప్ప అన్నిటికీ మందు అంటారు మా వైపు.
అమ్మ ఆ "తప్ప"లో పడిపోయింది.

"నీ యంత్రానికి తెలుసా, మా అక్కకి ఎంత కావలసిందో?"
"ఎలకల మీద చూశారు పిన్నీ. మనుషుల మీద కొంచెం.
ఊపిరిగొట్టాలు వదులవుతాయని కొందరు రాశారు.
ఎంత, ఎన్నాళ్ళు అన్నది తేలలేదు."
"తేలలేదంటే, లేదనా?"
"లేదని కాదు. తేలలేదని."
"మన ఆవు తప్పిపోయినప్పుడు మీ బాబాయీ ఇదే అన్నాడు"
అని కాఫీ పొంగు దించింది.

ఆ ముడి నా కోటు జేబులో అడిస్ దాకా వచ్చింది.
అందరూ వెళ్ళాక, నంబరు లేకుండా,
దానిలో సగం యంత్రానికి పెట్టాను.
ఎనిమిది. తొమ్మిది. పది.
కొండ లేచింది, కాగితం అంచు దాటి,
కొస కనపడకుండా.

ఏ ఫైల్లోనూ పెట్టడానికి లేదు దాన్ని.
మిగతా సగం ముడేసి జేబులో వేసుకున్నాను,
జలుబు తగ్గిపోయినా.